కార్డు మీద అమ్మ పేరు

మా అమ్మ పేరు పెట్టి నేను ఏళ్ళ తరబడి అబద్ధాలు రాశాను. అవి పొలం కాగితాలు కావు, పింఛను దరఖాస్తులు కావు. రేడియోకు పంపిన పోస్టుకార్డులు. ఈ పాటంటే మా అమ్మగారికి చాలా ఇష్టం, దయచేసి వినిపించగలరు అని రాసి, కింద ఆమె పేరు, ఆలంపూర్, మహబూబ్‌నగర్ జిల్లా అని పెట్టేవాణ్ణి. ఆ పాటలు ఆమెకు ఇష్టమో కాదో నాకు తెలియదు. అడగలేదు. అడగాలన్న ఊహ కూడా రాలేదు. పైకి చూస్తే ఎవరికీ నష్టం లేని చిన్న సంగతి. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. రేడియో స్టేషన్లు తమ పాత పాటల జాబితాను ఏళ్ళు గడిచేకొద్దీ ఎట్లా మార్చుకుంటూ పోతాయో మా మేనల్లుడు విడమరిచి చెప్పాకే, నేను చేసిన పని ఏమిటో నాకు అర్థమైంది.

1980ల్లో ఆలంపూర్‌లో నాకు రేడియో రిపేరు కొట్టు ఉండేది. మాది నడిగడ్డ. ఒకపక్క కృష్ణ, ఒకపక్క తుంగభద్ర. ఏరు దాటితే కర్నూలు; హైదరాబాద్ మాత్రం చాలా దూరం. పగటిపూట మీడియం వేవ్ మీద కడప వినిపించేది. పొద్దుగూకాక హైదరాబాద్, విజయవాడ తేలేవి. షార్ట్ వేవ్ తిప్పితే సిలోన్. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లు కొట్టుకు వచ్చేవి. వాల్యూమ్ దగ్గర గరగర, ముల్లు తిప్పే దారం తెగడం, సెల్లు కారి పెట్టె లోపల తుప్పు పట్టడం, స్పీకరు కాగితం చిరగడం, ఇవే జబ్బులు. సెట్టు తీసుకున్నప్పుడు రిపేరు పుస్తకంలో మనిషి పేరు, ఊరు, రోగం రాసుకునేవాణ్ణి. ఉండవెల్లి, రాజోలి, అయిజ, మానవపాడు నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆ పుస్తకమే తర్వాత నా చేతికి ఆయుధమైంది.

ఎందుకంటే మా ఊళ్ళో కుర్రాళ్ళం కలిసి శ్రోతల సంఘం ఒకటి పెట్టుకున్నాం. నేనే కార్యదర్శిని. కార్డు పదిహేను పైసలు. కోరిన పాటల కార్యక్రమాలకు కట్టలు కట్టలుగా కార్డులు రాసేవాళ్ళం. ఒక్క పేరుతో రాస్తే లెక్కలోకి రాదని రిపేరు పుస్తకం తీసి, అందులో ఉన్న పేర్లన్నీ వాడుకునేవాణ్ణి. పేరు వాడినప్పుడు దాని పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు, మళ్ళీ అదే పేరు వెంటనే రాకుండా. మగ్గం నేసేవాళ్ళు, శనక్కాయ రైతులు, బడి పంతుళ్ళు, బాలబ్రహ్మ గుడి దగ్గర పూలమ్మే ఆడవాళ్ళు, ఏదో ఒక రోజు వాళ్ళ రేడియో నా బల్ల మీదికి వచ్చిందన్న ఒక్క కారణంతో, అందరూ నా ఇళయరాజా పాటల అభిమానులైపోయారు.

అవును, పాటలన్నీ నావే. సీతాకోకచిలుక, అభిలాష, సాగరసంగమం, సితార, అన్వేషణ. ఆ పాటల కోసం అప్పుడు ప్రాణం పెట్టాను, ఇప్పటికీ పెడతాను. అందులో నేను సిగ్గుపడేది ఏమీ లేదు. బాలసుబ్రహ్మణ్యం గొంతు, ఆ వయొలిన్లు, ఆ గిటారు మా చిన్న ఊరిలోకి రావడం నాకు ఇల్లు విశాలమైనట్టుగా ఉండేది. నా తెలివితక్కువతనం మరోచోట ఉంది. రేడియోలో నా పాట వచ్చిందంటే ఊరంతా కోరినట్టేనని నేను నమ్మాను. కార్డుల మీద పేర్లు నేనే రాశానని తెలిసి కూడా నమ్మాను. వరుసగా పేర్లు చదివి, ఆలంపూర్ నుంచి అని అనౌన్సరు అనగానే, చూశారా, మన ఊరి అభిరుచి ఇదీ అని కొట్టుకు వచ్చినవాళ్ళతో అనేవాణ్ణి. తమ పేరు రేడియోలో విన్నవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం పేరు విన్నందుకే కానీ పాటకు కాదన్న తేడా నాకు తట్టలేదు.

రాజోలి నుంచి ఒక ముసలి నేతకారుడు వచ్చేవాడు. ఒకసారి ట్రాన్సిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, "చెడిపోయినట్టుంది, చూడప్పా" అన్నాడు. వేసి చూశాను. గొంతు స్పష్టంగానే ఉంది. అన్ని స్టేషన్లూ పలుకుతున్నాయి. ఏమైందని అడిగితే, "పద్యాలు వస్తలేవు. ముందల బాగా వస్తుండె" అన్నాడు. నాటకాల్లో పీసపాటి వారి పద్యం, బందా వారి పద్యం రేడియోలో విని మగ్గం మీద కూర్చున్న మనిషి. అవి రాకపోయేసరికి తన పెట్టెలోనే ఏదో తెగిందనుకున్నాడు. సెట్టు బాగానే ఉందని చెప్పి, సెల్లు మార్చి పంపించేశాను. ఆ వారంలోనే ఆయన పేరుతో సితార పాటకు కార్డు వేశాను. రిపేరు పుస్తకంలో ఆయన పేరు పక్కన ఎర్ర టిక్కు ఇప్పటికీ ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలునూ మా ఊరినీ ముంచినప్పుడు కొట్టులో పుస్తకాలు చాలా పాడైపోయాయి. అటక మీద ఉండబట్టి ఈ ఒక్కటి మిగిలింది.

కార్డుకు అంత బలం ఉందని నేను అనుకోవడం పూర్తిగా భ్రమ కాదు. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటను ఆకాశవాణికి దూరం పెడితే, దేశమంతా ముల్లు తిప్పి సిలోన్‌కు వెళ్ళిపోయింది. అమీన్ సయానీ బినాకా గీతమాలా అక్కడే మొదలైంది. చివరికి ఆకాశవాణి దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది. బీహారులో ఝుమ్రీ తలైయా అనే చిన్న గనుల పట్టణం (ఇప్పుడు ఝార్ఖండ్‌లో ఉంది) పాటలు కోరే కార్డులతోనే దేశమంతా పేరు తెచ్చుకుంది. వాళ్ళలాగే ఆలంపూర్ పేరు మోగాలన్నది నా కోరిక. సిలోన్ తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదొరై గారి గొంతులో మా ఊరి పేరు వినాలని తపించినవాణ్ణి. శ్రోత అడిగితే రేడియో వింటుంది, అది నిజమే. అడిగేది ఎవరన్న ప్రశ్న ఒక్కటే నేను వేసుకోలేదు.

కోరిన పాటల కార్యక్రమం వచ్చేవేళకు అమ్మ వంటింట్లో ఉండేది. పేరు వచ్చినప్పుడు, "నీ పేరు చెప్పిండ్రమ్మా" అని అరిచేవాణ్ణి. "విన్నలే" అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. పొద్దున భక్తిరంజని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, దానికి ముల్లు తనే పెట్టుకునేది. ఆదివారాల్లో ఎప్పుడైనా పాత పాటల కార్యక్రమం వస్తుంటే నేను స్టేషను మార్చేవాణ్ణి. ఆమె అడ్డుచెప్పకపోవడాన్ని ఇష్టం కింద జమకట్టుకున్నాను.

కాలం తిరిగింది. ట్రాన్సిస్టర్లు పోయి టేపు రికార్డర్లు, అవీ పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. కొట్టు మూసేశాను. అమ్మ పోయింది. దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం 2001లో బెంగళూరులో మొదలైతే, హైదరాబాద్‌కు ఆ హోరు 2006లో చేరింది. అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా వంటింట్లో ఎఫ్‌ఎం మోగుతూ ఉండేది. ఒక స్టేషన్లో రాత్రిపూట పాత పాటల కార్యక్రమం. మొదట్లో సాగరసంగమం, గీతాంజలి వచ్చేవి, పరవశించిపోయేవాణ్ణి. తర్వాత్తర్వాత అవి పలచబడ్డాయి. నువ్వే కావాలి వచ్చింది, ఖుషి వచ్చింది, మనసంతా నువ్వే వచ్చింది. ఒకరాత్రి హ్యాపీ డేస్ పాట వేసి, ఆ పాత రోజులు గుర్తొస్తున్నాయా అని అడిగాడు ఆ కార్యక్రమం నడిపే కుర్రాడు. 2007 సినిమా! నాకు ఒళ్ళు మండింది.

అమ్మ ఆబ్దికం దగ్గర పడుతున్న రోజులవి. ఆ స్టేషనుకు ఫోను చేశాను. సితార పాట వేయమని అడిగాను. మా లిస్టులో ప్రస్తుతం లేదు సార్, వేరే చెప్పండి అన్నాడు ఆ కుర్రాడు. నాకు రోషం వచ్చింది. మా అమ్మ జ్ఞాపకార్థం అడుగుతున్నాను అన్నాను. అతను వెంటనే మెత్తబడి, "అమ్మగారికి బాగా ఇష్టమైన పాటా సార్ అది?" అని అడిగాడు. అవునన్నాను. ఫోను పెట్టేశాక ఆ అవును నాకు గొంతులో అడ్డం పడాల్సింది. పడలేదు. పైగా కూర్చుని ఆ స్టేషనుకు ఉత్తరం రాశాను. మీకు చరిత్ర తెలియదు, సంగీతం తెలియదు, నిన్నగాక మొన్న వచ్చిన పాటను పాతది అంటారా, మా తరాన్ని చెత్తబుట్టలో వేస్తారా అని నోటికి వచ్చినదల్లా రాశాను. కొన్ని మాటలు ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. ఆ కుర్రాడు తన పని తాను చేస్తున్నాడు.

పోస్టు చేసేముందు గర్వంగా మేనల్లుడికి చదివి వినిపించాను. వాడు ఇంకో స్టేషన్లో పాటల జాబితా చూసే ఉద్యోగంలో ఉన్నాడు. మొత్తం విని, "మామా, ఒక గంట కూచో, చెప్తా" అన్నాడు.

వాడు చెప్పింది ఇది. రేడియో స్టేషనుకు పాత పాట అంటే ఫలానా సంవత్సరానికి ముందు వచ్చిన పాట అని గీత ఏమీ ఉండదు. గీత శ్రోత వయసు మీద గీస్తారు. ముప్ఫై అయిదు నుంచి యాభై నాలుగు అనుకుందాం. బండి కొనేది, ఇల్లు కొనేది, పిల్లల చదువులకు ఖర్చు పెట్టేది ఆ వయసువాళ్ళని ప్రకటనలు ఇచ్చేవాళ్ళ లెక్క. మనిషికి పాట గట్టిగా పట్టుకునేది పదిహేను, పాతికేళ్ళ మధ్య. జ్ఞాపకశక్తి మీద పరిశోధించినవాళ్ళు కూడా పదేళ్ళ వయసు నుంచి ముప్ఫై దాకా జరిగినవే పెద్దయ్యాక ఎక్కువగా గుర్తుకొస్తాయని చెబుతున్నారు. 2025లో నలభై అయిదేళ్ళవాడు 1980లో పుట్టాడు. వాడి పదిహేను, పాతిక 1995 నుంచి 2005 దాకా. కాబట్టి వాడి పాత బంగారం ఆ పదేళ్ళు. ఏడాది తిరిగేసరికి వాడి వెనక ఇంకొకడు నలభై అయిదుకు వస్తాడు, పాటల గీత ఒక ఏడు ముందుకు జరుగుతుంది. వయసుల గీత కదలదు, అందులోకి వచ్చిపోయే మనుషులు కదులుతారు, వాళ్ళ వెంట పాటలు కదులుతాయి.

"మరి యాభై నాలుగు దాటినోళ్ళం?" అన్నాను.

"విన్నా మంచిదే మామా. కానీ లెక్కలో ఉండరు."

ఇక పాటలను ఏరే పద్ధతి. అమెరికాలో చాలాకాలం పెద్ద హాలులో శ్రోతలను కూర్చోబెట్టి, వందల పాటల్లో ఒక్కొక్కదాన్నీ ఏడెనిమిది సెకన్లపాటు వినిపించేవాళ్ళు. పాటలో చప్పున గుర్తుపట్టే ముక్క ఉంటుందే, అదే. వినగానే మార్కు వేయాలి: చాలా ఇష్టం, పరవాలేదు, విని విని విసుగొచ్చింది, ఎప్పుడూ వినలేదు. ఇప్పుడదే ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద జరుగుతుంది. మార్కులు వచ్చిన పాటలు కొన్ని వందలు మిగులుతాయి. వాటిని తరగతులుగా విడగొట్టి కంప్యూటరులో పెడతారు. 1979లో ఆండ్రూ ఎకనామోస్ మొదలుపెట్టిన ఆర్‌సీఎస్ సంస్థ సెలెక్టర్ అనే ప్రోగ్రామ్ చేసినప్పటి నుంచి ఈ పని యంత్రానిదే: ఒకే గాయకుడి పాటలు పక్కపక్కన పడకుండా, నిన్న పొద్దున వచ్చినది ఇవాళ పొద్దున రాకుండా, నెమ్మది పాటల వెంట నెమ్మది పాటలు వరుసకట్టకుండా. నేను రిపేరు పుస్తకంలో ఎర్ర టిక్కులు పెట్టినట్టే.

పాటను తీసేయడం కూడా ఒక్కరోజులో జరగదట. రోజూ వచ్చేది వారానికి ఒకసారి అవుతుంది, తర్వాత రాత్రిళ్ళకు పోతుంది, తర్వాత ఆదివారం ప్రత్యేక కార్యక్రమానికి, తర్వాత ఎక్కడా ఉండదు. ఏ ఒక్కరోజూ ఎవరూ గమనించరు. ఒక్కసారిగా చేస్తే ఏమవుతుందో న్యూయార్క్‌లో జరిగింది. డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 నుంచి పాత పాటలకే అంకితమైన స్టేషను. 2005 జూన్ 3న చెప్పాపెట్టకుండా అవన్నీ ఆపి, జాక్ అనే కొత్త పేరుతో వేరే వరుస మొదలుపెట్టింది. ఊరు ఊరంతా కోప్పడింది. 2007 జూలై 12న స్టేషను పాత దారికి తిరిగొచ్చింది. వచ్చింది కానీ అవే పాటలతో కాదు. 1950ల పాటలు పలచబడి, డెబ్బైలు, ఎనభైలు చిక్కబడ్డాయి. తన పాటలను ఓల్డీస్ అనడం మానేసి క్లాసిక్ హిట్స్ అనుకుంది. శ్రోతలు గెలిచామనుకుంటూనే, పదేళ్ళు ముందుకు జరిగిన జాబితాను ఇంటికి తెచ్చుకున్నారు.

ఇవన్నీ చెబుతూ మేనల్లుడు అమాయకంగా ఒక మాట అన్నాడు. "మీ కాలంలో అయితే ఈ పరీక్షలు లేకుండె కదా మామా. కార్డులే కదా. అవి నిజమైన మనుషులు రాసినవి."

నేను మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి అక్క ఇంట్లో పడుకుని వాడు చెప్పిన లెక్కనే అమ్మకు కట్టాను. అమ్మ పుట్టింది 1937లో. నేను కార్డులు జోరుగా రాసింది 1982 నుంచి. అప్పుడు ఆమె వయసు నలభై అయిదు. ఏ స్టేషను లెక్క ప్రకారం చూసినా, పాత పాటల కార్యక్రమం ఎవరికోసమో ఆ మనిషి ఆమే. రేడియో ఆమె పదిహేనేళ్ళ వయసును ఆమెకు తిరిగి ఇవ్వాల్సిన కాలం అది. ఆమె పేరు కూడా ఆ రేడియోలో వచ్చింది, ఎన్నోసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నా పాటకు వచ్చింది. ప్రకటనల కోసం ఎవరో నా తరాన్ని లెక్కలోంచి తీసేశారని నేను ఉత్తరం రాశాను. ఏ ప్రకటనా లేకుండా, ఏ లాభమూ లేకుండా, ఇంట్లో కూర్చుని నేను మా అమ్మను లెక్కలోంచి తీసేశాను. తీసేయడమే కాదు, ఆమె పేరును ఆమెకే ఎదురుగా వాడాను. ఆకాశవాణిలో ఆ కార్డులు విడదీసినవాళ్ళకు ఏం కనపడి ఉంటుంది? ఆలంపూర్‌లో నడివయసు ఆడవాళ్ళు, ముసలి నేతగాళ్ళు, అందరూ కొత్త పాటలే అడుగుతున్నారు, పాతవి ఎవరికీ అక్కర్లేదు అని.

తెల్లారి కర్నూలులో ఉన్న చిన్నమ్మకు ఫోను చేశాను. అమ్మకు చెల్లెలు. అమ్మకు ఏ పాట ఇష్టమని అడిగితే కాసేపు పలకలేదు. "ఏమప్పా, ఇప్పుడు అడుగుతాండావా?" అంది. ఆ తర్వాత ఆపకుండా చెప్పింది.

అమ్మ పుట్టిల్లు కర్నూలు. పెళ్ళయి ఏరు దాటి వచ్చింది. ఆ రోజుల్లో కర్నూలు మద్రాసు రాష్ట్రం, ఆలంపూర్ హైదరాబాద్ రాష్ట్రం; ఏరు దాటితే రాష్ట్రం మారేది. 1949లో లైలా మజ్నూ సినిమా వచ్చింది. భానుమతి, నాగేశ్వరరావు. సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం. పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళ నాయనతో వెళ్ళి చూసిందట. అందులో భానుమతి పాటలు నేర్చుకుని, బట్టలు ఉతికేటప్పుడు ఏటి గట్టున పాడేదట. "మీయమ్మకి గొంతు ఉండె. మీకెవరికీ తెల్దేమో" అంది చిన్నమ్మ. మల్లీశ్వరి వచ్చినప్పుడు దేవులపల్లి పాటలు పుస్తకంలో రాసుకుందట. సుబ్బరామన్ 1952లో చిన్న వయసులోనే పోయినప్పుడు ఎవరో పత్రికలో చదివి చెబితే, అన్నం తినలేదట. పెళ్ళయి వచ్చాక పాట నోటికి రాలేదు. రేడియో కొన్నప్పుడు మాత్రం, ఎప్పుడన్నా వస్తాయేమోనని చిన్నమ్మతో అన్నదట.

మా ఇంట్లో ఆ రేడియోకు ముల్లు తిప్పినవాణ్ణి నేను.

ఆ పాటలు దొరకనివేమీ కావు. ఇప్పుడు ఫోనులో వెతికితే క్షణంలో వస్తాయి. 1982లో కూడా ఆకాశవాణి గ్రంథాలయంలో ఆ రికార్డులు ఉండి ఉండవచ్చు. ఒక్క కార్డు వేసి ఉంటే వచ్చి ఉండేవేమో. ఎవరో ఒకరు నిజంగా కోరాలి, అంతే. నా దగ్గర కార్డులకు కొదవ లేదు. ఒక్కటి ఆమె మాట మీద రాయలేదు.

ఈ సంగతి తెలిశాక నాకు మా ఊళ్ళోని సంగమేశ్వరుడి గుడి వేరే తీరుగా కనపడుతోంది. అది మొదట మా ఊరిది కాదు. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. చాళుక్యుల కాలపు గుడి. శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోతుందని రాయి రాయికీ గుర్తు పెట్టి, విప్పి, తెచ్చి ఆలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. నా కొట్టు నడుస్తున్న ఏళ్ళలోనే ఆ పని జరిగింది. నీళ్ళు రాకముందే కదిలారు, ఏ రాయి ఎక్కడిదో రాసిపెట్టుకున్నారు. పాటలకు కూడా నీటి మట్టం ఏటా ఒక ఏడు పైకి వస్తుంది. సుబ్బరామన్ మునిగాడు, ఆ తర్వాత పెండ్యాల, రాజేశ్వరరావు, ఇప్పుడు నా ఇళయరాజా మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు, రేపు ఆర్.పి. పట్నాయక్ వంతు. నీళ్ళు రావడం తప్పు అని ఇప్పుడు నేను అనను. మేనల్లుడి ఉద్యోగం తప్పనీ అనను. నలభై అయిదేళ్ళవాడికి వాడి యవ్వనం దక్కాల్సిందే. నాకు దక్కింది, అవసరమైన దానికంటే ముందే, ఎక్కువే దక్కింది.

కానీ వాడు చెప్పిన పరీక్షలో ఒక చోట నా మనసు ఆగిపోయింది. ఎప్పుడూ వినలేదు అని మార్కు పడిన పాట జాబితాలోకి రాదు. జాబితాలో లేని పాట ఎవరూ వినరు. వినని పాట వచ్చే పరీక్షలోనూ తప్పుతుంది. ఇందులో ఎక్కడా ఆ పాట బాగాలేదని ఎవరూ అనలేదు. ఇష్టపడేవాళ్ళు లేరనీ తేలలేదు. ఇష్టపడేవాళ్ళను ఆ గదిలోకి పిలవలేదు, అంతే. రాజోలి ముసలాయన కూడా పద్యం వద్దనలేదు. తన రేడియోను రిపేరుకు ఇచ్చాడు. కోరడం చేతకానివాళ్ళు అట్లాగే అడుగుతారు. సెట్టు విప్పి చూడటం వచ్చిన నేను ఆ మాట వినలేకపోయాను. ప్రకటనల మీద బతకాల్సిన స్టేషన్లు వయసుల గీత గీసుకుంటే అర్థం చేసుకోగలను. ఆకాశవాణికి ఆ గీత అక్కర్లేదని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. సిలోన్ రేడియోలో పాత హిందీ పాటల కార్యక్రమం రోజూ కె.ఎల్. సైగల్ పాటతో ముగిసేది. సైగల్ 1947లోనే పోయాడు. కొత్త శ్రోతలు ఎందరు వచ్చినా, పోయినా ఆ చివరి పాట అట్లాగే నడిచింది. పుట్టకముందే పోయిన మనిషి గొంతును రేడియో వల్లనే గుర్తుపట్టే పిల్లలు తయారయ్యారు. తెలుగులో మనకు అట్లాంటి ఒక్క పాట చాలు, రోజుకు ఒక్కటి, పరీక్షకు పెట్టకుండా వేసేది. జబ్బలు చరిచే పాతకాలపు గొప్పల కోసం కాదు. ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్న ఒక మనిషి కోసం.

ఆ ఉత్తరం చింపేశాను. నేను అబద్ధం చెప్పిన ఆ స్టేషను కుర్రాడికి ఫోను చేసి క్షమాపణ అడుగుదామనుకున్నాను. అతను అప్పటికే వేరే స్టేషనుకు మారిపోయాడని చెప్పారు. మేనల్లుణ్ణి మాత్రం వదల్లేదు. ఎంతో బతిమాలితే, ఆదివారం తెల్లవారుజామున ఒక గంట ఉందన్నాడు. ఆ గంటకు ప్రకటనలు రావు కాబట్టి జాబితా బయటి పాటలు వేసినా పైవాళ్ళు అడగరట. "నువ్వు పేర్లు పంపు మామా. కానీ నీ పాటలు వద్దు" అన్నాడు. వాడికి అన్నీ చెప్పేశాను మరి.

అందుకని ఇప్పుడు కొత్త పుస్తకం ఒకటి తీసుకుని ఊళ్ళో తిరుగుతున్నాను. పాత రిపేరు పుస్తకం కూడా వెంట ఉంటుంది. అందులో టిక్కు ఉన్న పేర్లలో బతికున్నవాళ్ళను ముందుగా కలుస్తున్నాను. రాజోలి ముసలాయన లేడు. కొడుకును అడిగితే, నాయనకు ఏ పద్యం ఇష్టమో తెలియదన్నాడు, తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం నాకు బాగా తెలుసు. పాత బస్టాండు దగ్గరి విశ్రాంత పంతులుగారు పాట అడగలేదు, రజనీకాంతరావు గారి లలిత సంగీతం ఏదైనా సరే అన్నారు. గుడి దగ్గర పూలమ్మే అవ్వ మొదట నవ్వి, నాకెందుకు నాయినా పాటలు అంది. రెండోసారి వెళ్ళినప్పుడు బాలరాజు సినిమా పేరు చెప్పి, చూసి చాన్నాళ్ళయింది, పాట ఎట్లుంటదో మర్చిపోయిన, వస్తే గుర్తొస్తది అంది. 1948 సినిమా. చిన్నమ్మ చెప్పిన లైలా మజ్నూ మొదటి పేజీలో ఉంది.

మొన్న చౌరస్తాలో ఆటో నడిపే మనిషి ఈ పుస్తకం ఏమిటని అడిగాడు. చెప్పాను. నాదీ రాసుకో సార్, పాత పాట అన్నాడు. ముప్ఫై అయిదు దాటి ఉండవు. చదువు మధ్యలో ఆపేసిన ఏడాది, కర్నూలులో స్నేహితులతో కలిసి చూసిన సినిమా అట. హ్యాపీ డేస్ అన్నాడు. ఏ పాటని అడిగాను. చెప్పాడు. అతని పేరు, ఊరు, పాట మూడూ అతను చెప్పినట్టే రాసుకుని, రాసింది సరిగ్గా ఉందో లేదో చదివి వినిపించాను.